ఇసుకలో గీత గీసిన మనిషి: టామ్ మెకాల్ గురించి మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు జిల్లా మైపాడు తీరంలో మేం కొందరం ఆదివారం పూట చెత్త ఏరుతుంటాం. పని అయ్యాక టీ తాగేటప్పుడు నేను ఎక్కువగా చెప్పే కథ ఒకటుంది, అమెరికాలో ఒరెగాన్ అనే రాష్ట్రాన్ని 1967 నుంచి 1975 దాకా నడిపిన టామ్ మెకాల్ కథ. కొత్తగా వచ్చిన పిల్లలు ప్రతిసారీ ఇంచుమించు అవే ప్రశ్నలు అడుగుతారు, ఫోన్లో కూడా అడుగుతున్నారు. అందుకని తీరిగ్గా కూర్చుని జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నా. కొన్నిచోట్ల పొడుగైంది, ఆ మాత్రం చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు.

అసలు ఎవరీయన? రెండు ముక్కల్లో చెప్పన్నా.

1913లో పుట్టాడు, 1983 జనవరి 8న పోయాడు. పత్రికలో, రేడియోలో, టీవీలో పనిచేసిన విలేకరి. 50 ఏళ్లు దాటాక పెద్ద పదవికి ఎన్నికై, ఆ తర్వాత వరసగా రెండుసార్లు ఒరెగాన్ గవర్నరయ్యాడు. సముద్రతీరం జనానిదేనన్న చట్టం, ఖాళీ సీసా వెనక్కిస్తే డబ్బులు తిరిగిచ్చే చట్టం, ఊళ్లు పొలాల్ని మింగకుండా హద్దు పెట్టిన చట్టం, మురుగు కాలువలా మారిన నదిని మళ్లీ చేపలు తిరిగే నదిగా చేయడం, ఇవన్నీ ఆయన హయాంలోవే. ఈ నాలుగింట్లో ఒక్కటి సాధించినా ఒక నాయకుడి జీవితానికి చాలు.

గవర్నర్ అంటే మన దగ్గరుండే గవర్నర్ లాంటివాడా?

కాదు. అక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లెక్క, జనం నేరుగా ఓటేసి గెలిపించుకునే ముఖ్యమంత్రి అనుకోండి. సభలో ఆయన పార్టీకి మెజారిటీ లేకపోయినా ఆయన కుర్చీ కదలదు, కానీ బిల్లు పాస్ కావాలంటే అవతలి పార్టీ వాళ్ల గడప తొక్కక తప్పదు. వరసగా రెండు టర్ములకు మించి ఉండకూడదని రూలు. రాజధాని పేరు సేలం, తమిళనాడు సేలం అనుకుని తికమక పడొద్దు.

రాజకీయాల్లోకి ఎట్లా వచ్చాడు? డబ్బున్న కుటుంబమా?

ఉన్న కుటుంబమే. తల్లి తరఫు తాత రాగి వ్యాపారంలో కోట్లు గడించి చివరికి అంతా పోగొట్టుకున్న మనిషి, తండ్రి తరఫు తాత మసాచుసెట్స్ రాష్ట్రానికి గవర్నర్. మెకాల్ మాత్రం చిన్నతనంలో చాలా భాగం ఒరెగాన్ లోపలి ఎండు నేలల్లో, క్రూకెడ్ రివర్ అనే నది పక్కన పశువుల మధ్య గడిపాడు. 1936లో జర్నలిజం డిగ్రీ తీసుకుని పేపర్లలో చేరాడు, యుద్ధకాలంలో నేవీలో ఉన్నాడు, 1949లో అప్పటి గవర్నర్ దగ్గర కార్యదర్శిగా చేరాడు. ఆ కుర్చీ పక్కన నిలబడి చూశాడు కాబట్టి ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఎవరు ఆపుతారో అక్కడే తెలుసుకున్నాడని నా నమ్మకం.

1954లో పార్లమెంటు లాంటి వాళ్ల కాంగ్రెస్‌కి పోటీ చేశాడు. టికెట్ కోసం సొంత రిపబ్లికన్ పార్టీ సిటింగ్ సభ్యుణ్ణే ఓడించాడు గానీ అసలు పోటీలో అవతలి పార్టీ, అంటే డెమోక్రాట్ల అభ్యర్థి ఎడిత్ గ్రీన్ చేతిలో ఓడిపోయాడు. ఆ తర్వాత పదేళ్లు ఏ పదవీ లేదు. తిరిగి మైకు పట్టుకుని టీవీలో వార్తలు చదివాడు, విశ్లేషణలు చెప్పాడు. 1964లో సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా, అంటే రాష్ట్రంలో ఎన్నికలూ రికార్డులూ చూసే పదవికి గెలిచాడు, 1966లో గవర్నర్‌గా గెలిచాడు. ఆ పదేళ్లే ఆయన్ని తయారుచేశాయంటాను. ఓడిపోయాక కాంట్రాక్టుల వెంట పడకుండా నది వెంట పడ్డాడు.

నది కథ ఏంటి?

విల్లామెట్ అని దాదాపు 300 కిలోమీటర్ల నది, దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. యూజీన్, సేలం, పోర్ట్‌లాండ్, ఆ రాష్ట్రంలో పెద్ద ఊళ్లన్నీ దాని ఒడ్డునే. పేపరు మిల్లుల వ్యర్థాలు, ఊళ్ల మురుగు అన్నీ అందులోకే. ఎండాకాలం చివర్లో నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేది, గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వచ్చే సాల్మన్ చేపలు ఆ గడ్డు నీళ్లు దాటలేకపోయేవి. 1938లోనే జనం ఓటేసి కాలుష్యాన్ని అదుపు చేసే సంస్థ ఒకటి పెట్టించుకున్నారు, పని మాత్రం నత్తనడక.

1962 నవంబర్‌లో మెకాల్ 'పొల్యూషన్ ఇన్ పారడైజ్' అనే డాక్యుమెంటరీ చేసి టీవీలో వేశాడు. నురగ తేలే నీళ్లనీ, పైపుల్లోంచి పడే వ్యర్థాల్నీ సూటిగా చూపించాడు. ఫ్యాక్టరీలన్నీ మూసేయండి అనలేదు, అది గమనించాలి. ఉద్యోగాలూ కావాలి, నదీ కావాలి, రెండూ ఉండేలా చేయొచ్చు, చేయకపోవడం బద్ధకం అన్నట్టుగా చెప్పాడు.

గవర్నరయ్యాక ఆయన చేసిన పని నాకు మరీ నచ్చుతుంది. ఆ కాలుష్య సంస్థ ఛైర్మన్ చనిపోయి కుర్చీ ఖాళీ అయితే, వేరే ఎవరినీ వేయకుండా కొన్నాళ్లు తనే ఆ కుర్చీలో కూర్చున్నాడు. రాష్ట్రాన్ని నడిపే మనిషే వచ్చి ఎదురుగా కూర్చుంటే మిల్లు యజమానికి వాయిదాలు అడగడానికి నోరు రాదు కదా. 1967లో చట్టం మార్చి, నదిలోకి ఏది వదలాలన్నా పర్మిట్ ఉండాల్సిందే అన్నారు. మిల్లులు శుద్ధి యంత్రాలు పెట్టుకున్నాయి, ఊళ్లు మురుగు శుద్ధి కేంద్రాలు కట్టుకున్నాయి. 1970ల మొదట్లోకి వచ్చేసరికి సాల్మన్లు మళ్లీ ఎదురీదాయి, పిల్లలు నదిలో దిగారు. రంగనాయకుల గుడి వెనక పెన్న గట్టు మీద కూర్చుని ఈ ముక్క చెబితే ఎవరూ ఏమీ మాట్లాడరు, అందరూ నీళ్ల వంక చూస్తారు.

బీచ్ గొడవ పూర్తిగా చెప్పన్నా, ఇసుకలో గీత అంటావే, అది.

ఇదే నాకు ప్రాణమైన భాగం.

ఒరెగాన్ తీరం దాదాపు 580 కిలోమీటర్లు. 1913లో ఆస్వాల్డ్ వెస్ట్ అనే గవర్నర్ ఉపాయంగా ఒక చట్టం చేయించాడు: పోటుకీ ఆటుకీ మధ్యలో ఉండే తడి ఇసుకంతా పబ్లిక్ రోడ్డు అన్నాడు. అప్పట్లో బండ్లు నిజంగానే దాని మీదే పోయేవి. దాంతో తడి ఇసుక ఎవరూ అమ్ముకోలేకుండా పోయింది. దానికి పైన ఉండే పొడి ఇసుక, అంటే మనం కూర్చునే ఇసుక, పిల్లలు గూళ్లు కట్టే ఇసుక, మన పట్టపుపాలేల్లో, అంటే జాలర్ల పల్లెల్లో అయితే వలలు పరిచి చేపలు ఎండబెట్టే ఇసుక, దాని గురించి కాగితం మీద ఏమీ లేదు. జనం వాడుకుంటున్నారు, ఎవరూ అడ్డుచెప్పలేదు, అంతే.

1966లో కానన్ బీచ్ అనే ఊళ్లో ఒక మోటెల్ యజమాని తన హోటల్ ముందున్న పొడి ఇసుకకి దుంగలతో అడ్డం కట్టి, మా గెస్టులు తప్ప ఎవరూ రాకూడదన్నాడు. కాగితాల ప్రకారం ఆయన మాట తప్పని తేల్చడం కష్టం. పొడి ఇసుక కూడా జనానిదే అని 1967లో బిల్లు పెట్టారు, అది కమిటీలో ఆగిపోయింది. ఆపినవాళ్లలో మెకాల్ సొంత పార్టీ వాళ్లూ ఉన్నారు, తీరంలో స్థలాలున్న వాళ్ల తరఫున.

అప్పుడాయన రెండు పనులు చేశాడు. ఒకటి, కమిటీలో జరుగుతున్నది టీవీల్లోకీ పేపర్లలోకీ వచ్చేలా చూశాడు, ఉత్తరాలూ ఫోన్లూ కుప్పలుగా వచ్చిపడ్డాయి. రెండోది 1967 మే 13న. హెలికాప్టర్లలో శాస్త్రవేత్తల్నీ సర్వేయర్లనీ వెంటబెట్టుకుని తీరంలో దిగాడు. ఆరడుగులు దాటి ఇంకో నాలుగైదు అంగుళాల మనిషి, ఇసుకలో నడుస్తుంటే వెనక కెమెరాల వాళ్లు పరిగెత్తారు. సర్వేయర్లు మేకులు పాతారు, సముద్రమట్టానికి ఇన్ని అడుగుల ఎత్తు దాకా అయితే గీత ఇక్కడ పడుతుంది, అన్ని అడుగులైతే అక్కడ పడుతుంది అని ఒక్కోటీ చూపించారు. అప్పటిదాకా బిల్లులో ఉన్న అంకెలు చదివినవాళ్లకి ఏమీ అర్థం కాలేదు, మేకు చూశాక అందరికీ అర్థమైంది. ఈ గీత ఒప్పుకుంటే నేను ఇన్నేళ్లుగా పండుగకి పిల్లల్ని తీసుకొచ్చి కూర్చునే చోటు పోతుంది, ఆ గీత అయితే మిగులుతుంది, అంత తేలికైంది లెక్క.

చివరికి 16 అడుగుల ఎత్తు గీత దగ్గర రాజీ కుదిరింది, జూలై 6న ఆయన సంతకం పెట్టాడు. రెండేళ్ల తర్వాత గడ్డీ మొక్కలూ మొదలయ్యే చోటుని కొలిచి, దాన్నే హద్దుగా పక్కాగా ఖాయం చేశారు.

ఆయన్ని మోడరేట్ అంటారు. మోడరేట్ అంటే గోడ మీద పిల్లే కదా?

ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా నాకు కొంచెం బాధేస్తుంది, ఎందుకంటే మన దగ్గర మధ్యలో ఉన్న ప్రతి మనిషినీ అట్లాగే అనుమానించడం అలవాటైపోయింది. గోడ మీద పిల్లి ఎటు దూకాలో చూసుకుంటుంది. మెకాల్ ఎటూ దూకలేదు, ఎక్కడ నిలబడ్డాడో అందరికీ తెలుసు. తీరం బిల్లులో స్థలాల యజమానుల మాట కూడా విన్నాడు, అందుకే అంకె దగ్గర బేరం ఆడాడు. తీరం జనానిదన్న మాట దగ్గర మాత్రం బేరం లేదు. ఏది బేరానికి పెట్టొచ్చో ఏది పెట్టకూడదో ముందే తేల్చుకుని కూర్చున్నవాణ్ణే నేను మితవాది అంటాను, మన పేపర్లు ఆ మాటని వేరే అర్థంలో వాడతాయనుకోండి.

ఇంకో సంగతి. ఆయన రిపబ్లికన్. 1966లోనూ 1970లోనూ ఆయన మీద పోటీ చేసి ఓడిపోయింది బాబ్ స్ట్రాబ్ అనే డెమోక్రాట్. విల్లామెట్ నది పొడుగునా రెండు ఒడ్లూ పచ్చగా జనానికి మిగలాలనే ఆలోచన స్ట్రాబ్‌ది, 1966 ప్రచారంలో చెప్పాడు. గెలిచిన మెకాల్ ఆ ఆలోచనని తీసుకుని, ఇది స్ట్రాబ్‌దే అని ఒప్పుకుని మరీ ముందుకు తీసుకెళ్లాడు. 1975లో మెకాల్ దిగిపోయాక గవర్నరైంది ఆ స్ట్రాబే. గత ప్రభుత్వం వేసిన శిలాఫలకం మీద రంగు మారేదాకా కొత్త ప్రభుత్వానికి నిద్ర పట్టని చోట ఉన్నాం కాబట్టి ఇది రెండుసార్లు చదవమంటాను.

సీసాల చట్టం అంటే? మన పాత సోడా సీసా లాగానా?

అచ్చం అదే. మా అమ్మ ఇందుకూరుపేట మండలంలో చిన్న కిరాణా కొట్టు నడిపింది. కొట్టు పక్కన చెక్క పెట్టెలో గాజు సీసాలు, గడులు గడులుగా, ఒక్కో గడిలో ఒకటి. కూల్‌డ్రింక్ ఇంటికి తీసుకెళ్తానంటే సీసాకి డిపాజిట్ కట్టాల్సిందే. గోలీ సోడా అయితే ఆడే నిలబడి తాగి ఇచ్చేయాలి. ఎవరన్నా సీసా పగలగొడితే ఆ రోజు పెట్టెలో ఒక గడి ఖాళీగా కనపడేది, సాయంత్రం వ్యాన్ వచ్చినప్పుడు అమ్మ ఆ గడికి డబ్బు చెల్లించేది. అందుకే ఊళ్లో ఏ పిల్లాడికి ఎక్కడ సీసా కనపడినా తెచ్చి మా కొట్టు బల్ల మీద పెట్టి చాక్లెట్ అడిగేవాడు. మా వీధి కాలువలో నాకు ఊహ తెలిసినప్పటి నుంచి గాజు సీసా కనపడలేదు. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది, డిపాజిట్ పోయింది, కాలువ నిండింది.

ఒరెగాన్‌లో కూడా 1960ల్లో వాడిపారేసే సీసాలూ డబ్బాలూ వచ్చి రోడ్ల పక్కన కుప్పలు పడ్డాయి. డిపాజిట్ పెట్టాలని 1969లో బిల్లు వస్తే వీగిపోయింది. సీసాల కంపెనీలు, డబ్బాల కంపెనీలు మనుషుల్ని దించి ఎంత ఒత్తిడి తెచ్చినా 1971లో మాత్రం పాసైంది, మెకాల్ గట్టిగా నిలబడ్డాడు. 1972 అక్టోబర్ 1 నుంచి అమలు. బీరు, కూల్‌డ్రింక్ సీసా మీద 5 సెంట్లు, అందరూ మళ్లీ వాడుకునే ఒకే నమూనా సీసా అయితే 2 సెంట్లు. తాగేవాడు ముందు కడతాడు, తిరిగిస్తే తిరిగొస్తుంది. డబ్బా మూతకి లాగి పారేసే రింగు ఉంటుందే, కాళ్లకి గుచ్చుకునేది, దాన్నీ నిషేధించారు. అమెరికా మొత్తంలో ఇట్లాంటి చట్టం అదే మొదటిది. 2017లో డిపాజిట్‌ని 10 సెంట్లు చేశారు.

మనకి దూరమేమీ కాదు. పక్కనే తమిళనాడులో, నీలగిరి కొండల్లో 2022 నుంచి మద్యం సీసాకి 10 రూపాయలు ఎక్కువ తీసుకుని ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగిస్తున్నారు, ఏనుగుల కాళ్లకి గాజు గుచ్చుకుంటోందని హైకోర్టు గట్టిగా అడిగాక. మైపాడులో మా గోనెసంచుల్లో సగానికి పైగా సీసాలే ఉంటాయి. ఒక్క అసెంబ్లీ సమావేశాల్లో అయ్యే పని ఇది, ఆ మాట అన్నప్పుడల్లా నా గొంతు పెరుగుతుంది, క్షమించాలి.

పొలాల సంగతి చెప్పు. మా ఊళ్లో అంతా లేఅవుట్లే.

మా ఊళ్లో కూడా. మా పొలం పక్క చేను ఒకాయన కొని ప్లాట్లు వేశాడు. పేరు అనవసరం. మట్టి తోలి ఎత్తు చేశాడు, ఆ చేను గట్టు వెంట పోయే పంట కాలువని కూడా పూడ్చి రోడ్డు చేసేశాడు. కొలతలేస్తామని వచ్చినవాళ్లు వచ్చారు, పోయారు. ఆ ఏడాది వానలకి నీళ్లు పోయే దారి లేక మా మడి పది రోజులు మునిగింది, మొలగొలుకుల వరి కుళ్లిపోయింది. నాన్న గట్టు మీద కూర్చుని ఆ వాసన పీలుస్తూ ఏమీ మాట్లాడలేదు.

అందుకే ఊళ్లకి హద్దు పెట్టిన ఆ ఒరెగాన్ చట్టం నాకు పుస్తకాల సంగతి కాదు. విల్లామెట్ లోయ అంటే ఒరెగాన్‌కి మన పెన్న డెల్టా లాంటిది, మంచి నేల అంతా అక్కడే, ఊళ్లు పెరిగేదీ అక్కడే. 1973 జనవరిలో మెకాల్ సభలో నిలబడి, నేలని ఇష్టమొచ్చినట్టు ప్లాట్లు కోసేవాళ్ల మీద, తీరం నిండా అపార్ట్‌మెంట్లు లేపేవాళ్ల మీద నిప్పులు చెరిగాడు. ఊళ్లకి హద్దు పెట్టే బిల్లు వచ్చింది అప్పుడే, సెనేట్ బిల్లు 100 అంటారు దాన్ని, సెనేట్ అంటే ఆ రాష్ట్ర సభల్లో ఒకటి. దాన్ని ముందుండి నడిపింది హెక్టర్ మెక్‌ఫర్సన్ అనే పాడి రైతు, రిపబ్లికన్ సెనేటర్. తోడుగా నిలిచింది టెడ్ హాలక్ అనే పోర్ట్‌లాండ్ డెమోక్రాట్. ఒకరు పల్లె, ఒకరు పట్నం, పార్టీలు వేరు. మే 29న మెకాల్ సంతకం పెట్టాడు.

ఆ చట్టం పనిచేసే తీరు తేలిగ్గా చెప్తా. ప్రతి ఊరూ తన చుట్టూ ఒక హద్దు గీసుకోవాలి, రాబోయే ఏళ్లలో ఎంతమంది పెరుగుతారో లెక్కేసి. ఇళ్లూ షాపులూ హద్దు లోపల. బయట ఉన్నది పొలం, అడవి, అది అట్లాగే ఉండాలి. గీత గీసేది ఊరే, కానీ అన్ని ఊళ్లూ పాటించాల్సిన నియమాలు పెట్టి, గీత సరిగ్గా ఉందో లేదో చూసేది రాష్ట్ర కమిషన్. కలెక్టరాఫీసులో ఒక్క సంతకంతో చేను ప్లాటైపోయే పద్ధతి కాదు. ఇప్పటికీ పోర్ట్‌లాండ్‌లో ఊరు ఒక చోట ఆగిపోతుంది, రోడ్డుకి ఇటు ఇళ్లు, అటు తోటలు.

స్థలాల రేట్లు పెరిగాయని, హద్దు బయట ఉన్న రైతుకి అమ్ముకునే స్వేచ్ఛ పోయిందని అక్కడ ఇప్పటికీ వాదనలున్నాయి. ఆ వాదన అబద్ధం కాదు. ఆడపిల్ల పెళ్లికి అరెకరం అమ్ముకుందామనుకున్న రైతుకి హద్దు భారమే. ఆ భారాన్ని పంచుకోకుండా హద్దు మాత్రం గీస్తామంటే నేనూ ఒప్పుకోను.

మా రాష్ట్రానికి రావొద్దు అన్నాడట, నిజమేనా?

నిజమే. 1971లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, మళ్లీ మళ్లీ చూడ్డానికి రండి, దయచేసి ఇక్కడ ఉండిపోవడానికి మాత్రం రావొద్దు అన్నాడు. దేశమంతా గోల. నాకు ఈ మాట పూర్తిగా నచ్చదు, ఎందుకంటే పనికోసం వలసపోయే వాళ్లు మా ఇళ్లలోనూ ఉన్నారు. అయితే పెట్టుబడులు రావాలి, జనం రావాలి అని ప్రతి నాయకుడూ పాట పాడుతున్న రోజుల్లో, ఎంతమంది వస్తే ఈ నేల మోయగలదు అని అడిగిన ధైర్యం ఒప్పుకోవాలి.

ప్రభుత్వమే రాక్ సంగీత ఉత్సవం పెట్టిందంటారు, అదేంటి?

1970 ఆగస్టు చివర్లో పోర్ట్‌లాండ్‌లో మాజీ సైనికుల పెద్ద సభ, అదే సమయానికి వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా వేలమంది కుర్రాళ్లు వస్తారని టెన్షన్. పోలీసుల్ని దించే బదులు, ఊరికి దూరంగా మెకైవర్ పార్కులో ఉచితంగా సంగీత ఉత్సవం జరగనిచ్చాడు, పేరు వోర్టెక్స్. కుర్రాళ్లు అటు పోయారు, ఊళ్లో ఒక్క గొడవ లేదు. ఎన్నికలు రెండు నెలల్లో పెట్టుకుని, దీంతో నా రాజకీయం ముగిసిందనే ఆయన అనుకున్నాడు. నవంబర్‌లో గెలిచాడు.

కరెంటు, పెట్రోలు కొరత వచ్చినప్పుడు?

1973లో వానల్లేక జలవిద్యుత్ తగ్గింది, ఆ వెంటనే పెట్రోలు కొరత. అలంకారం లైట్లు ఆర్పేయమని ఆదేశించాడు. నంబర్ ప్లేటు చివర సరి అంకె ఉంటే ఒక రోజు, బేసి అయితే ఇంకో రోజు పెట్రోలు అనే పద్ధతి 1974 జనవరిలో పెట్టాడు. తర్వాత మిగతా రాష్ట్రాలూ పట్టుకున్నాయి.

అన్నీ గెలుపులేనా? ఓడిపోలేదా?

1954 చెప్పాను కదా. 1978లో మళ్లీ గవర్నర్ కావాలని వచ్చాడు, ఈసారి సొంత పార్టీ వాళ్లే టికెట్ దగ్గర ఓడించారు, విక్టర్ అటియే గెలిచాడు. రోజులు మారాయి, పార్టీ కుడివైపు జరిగిపోయింది, ఈయన ఉన్నచోటే ఉన్నాడు. మధ్యలో నిలబడే మనిషికి ఇదే కష్టం, ఎదుటి పార్టీ ఓడిస్తే సానుభూతి అన్నా దొరుకుతుంది.

చివరి రోజుల గురించి చెప్తూ ఒకసారి ఏడ్చావు. ఏం జరిగింది?

ఏడ్చాను, అవును. 1982లో ఆ భూముల చట్టాన్ని రద్దుచేయాలని జనం ఓటుకి పెట్టారు. అప్పటికే రెండుసార్లు అట్లాంటి ప్రయత్నాలు వీగిపోయినా, ఆ ఏడాది ఒరెగాన్‌లో కలప మిల్లులు మూతపడి జనం కడుపు మంట మీద ఉన్నారు, పోతుందనే అనుకున్నారు. మెకాల్‌కి క్యాన్సర్, ఎక్కువ రోజులు లేవని ఆయనకీ తెలుసు. ఆ అక్టోబర్‌లో జనం ముందుకొచ్చి మాట్లాడాడు. ఒత్తిడి పడితే ఈ రోగం ఇంకా పాకుతుంది, పోరాడే మనిషికి ఒత్తిడే ఇంధనం, నాకు ప్రాణం కంటే ఒరెగాన్ ఎక్కువ, రెండూ ఎక్కువ రోజులు నా దగ్గర ఉండవు, ఆ బేరం నాకు సమ్మతమే అన్నాడు. నవంబర్‌లో చట్టం నిలబడింది. రెండు నెలలకి ఆయన పోయాడు.

మా నాన్న ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు కూడా చేనుకి నీళ్లు పెట్టారా అని అడిగేవాడు. అందుకే.

అమెరికా కథలు మనకెందుకు? వాళ్లకి డబ్బుంది.

నదికి ఖర్చయింది గానీ ఇసుకలో మేకు పాతడానికి ఎంత ఖర్చు? పైగా మన దగ్గర గీతలు లేక కాదు. తీరంలో పోటు గీత నుంచి 500 మీటర్లు వదిలిపెట్టమని 1981లోనే ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకి ఉత్తరం రాసింది. 1991లో తీరానికి దగ్గర్లో ఏం చేయొచ్చో ఏం చేయకూడదో చెప్పే తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ వచ్చింది, సీఆర్‌జెడ్ అంటామే అది. ఆ తర్వాత 2011లో, 2019లో మార్చారు, చివరిసారి కొన్ని చోట్ల దూరాలు తగ్గించారు.

1990ల మొదట్లో మన జిల్లా తీరమంతా రొయ్యల గుంటలు ఎట్లా లేచాయో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. ఊళ్లకి ఊళ్లు చేతులు మారాయి. 1994లో తెల్లమచ్చ రోగం వచ్చి గుంటలకి గుంటలు తుడిచిపెట్టుకుపోయాయి, అప్పులు మిగిలాయి, చుట్టుపక్కల బావుల్లో నీళ్లు ఉప్పగా మారాయి. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, సీఆర్‌జెడ్ లోపలా, చిల్కా, పులికాట్ సరస్సుల చుట్టూ 1000 మీటర్ల లోపలా రొయ్యల పరిశ్రమ ఉండకూడదని. కేసు వేసింది జగన్నాథన్ అనే గాంధేయవాది, తమిళనాడు ఆయన. తర్వాత 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి రిజిస్ట్రేషన్ పద్ధతిలోకి మార్చింది. నేను రొయ్యల రైతుకి వ్యతిరేకిని కాదు, మా మేనమామలే వేస్తారు, నాలుగు మెతుకులు దాని వల్లే. కానీ ఆ రోజు ఈ పని కోర్టుదాకా పోకుండా మన శాసనసభలో ఎవరో ఒకరు నిలబడి, ఇక్కడిదాకా వేసుకోండి, ఇటు వద్దు అని ఉంటే ఆ రైతులూ మునిగేవాళ్లు కాదు.

మన ఎమ్మెల్యే చేతిలో ఏముంది? పర్యావరణం కేంద్రం చూసుకుంటుంది కదా?

సగం నిజం. 1986 పర్యావరణ చట్టం కేంద్రానిది, అడవులూ వన్యప్రాణులూ 1976లో ఉమ్మడి జాబితాలోకి పోయాయి. కానీ భూమి, నీళ్లు, సాగు, పంచాయతీలు, మున్సిపాలిటీలు రాష్ట్రానివే. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, మన రాష్ట్రానిదే, చెరువుకీ చెట్టుకీ బోరుకీ అది చాలా బలమైన చట్టం, వాడితే. ఎమ్మెల్యే సభలో ప్రశ్న వేయొచ్చు, సొంతంగా బిల్లు పెట్టొచ్చు. ఫ్యాక్టరీ వచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది, 30 రోజులు ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టర్ గానీ ఆయన తరఫున అధికారి గానీ కూర్చుంటారు, అక్కడ ఎమ్మెల్యే వచ్చి రైతుల పక్కన కుర్చీ వేసుకుంటే చాలు, సభ నడిచే తీరే మారిపోతుంది. నేను రెండు సభలకి పోయా. రెండింట్లోనూ ముందు వరస కుర్చీలు కంపెనీ వాళ్లకీ నాయకులకీ, ఆ ఊరివాళ్లు షామియానా బయట ఎండలో.

ఆ మోటెల్ ఆయన ఏమయ్యాడు?

గొడవ కోర్టుకెళ్లింది. 1969లో ఒరెగాన్ సుప్రీంకోర్టు ఆయన వాదన కొట్టేసింది. కారణం మనవాళ్లకి బాగా తెలిసిందే: తరతరాలుగా జనం ఏ అడ్డూ లేకుండా వాడుకుంటున్న చోటు, అదే హక్కు. ఆదిమ తెగలు కూడా అక్కడే మసిలేవన్న సంగతి తీర్పులో లెక్కలోకి తీసుకున్నారు. చేలల్లో బాట హక్కు దగ్గర మనం చెప్పుకునే మాటే, ఇసుకకి చెప్పారు.

మైపాడులో అయితే మేకు ఎక్కడ పాతాలన్నా?

మొన్న ఒక డిగ్రీ అమ్మాయి అడిగిందిది, ఆ రోజే పని మొదలుపెట్టాం. అమావాస్య పోటు చూసుకుని పొద్దున్నే పోయాం, అల చివరిసారి ఎక్కడిదాకా వచ్చి నురగ వదిలిందో అక్కడ సరుగుడు కర్రలు పాతుకుంటూ పోయాం, ఒక్కోదానికి ఎర్ర గుడ్డముక్క కట్టి. ఆ కర్రలకి కొంచెం పైన ఇసుక మీద పాకే ఊదాపూల తీగ మొదలవుతుంది, ఒరెగాన్ వాళ్లు హద్దుగా తీసుకున్నది ఆ మొక్కల వరసనే కదా అని దాన్నీ గుర్తుపెట్టుకున్నాం. కర్రలకి ఇటు ఏ బండ్లున్నాయి, ఏ షెడ్లున్నాయి అని పిల్లలు నోటుబుక్కులో రాశారు.

వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన చాలాసేపు మమ్మల్నే చూస్తూ ఉన్నాడు. ఏంది అబ్బయ్యా ఇది అన్నాడు. చెప్పాం. లేచి వచ్చి కర్రల వెంట కొంచెం దూరం నడిచి, సముద్రం ఇంతటితో ఆగదు, తుపాను ఏడు ఆ వేపచెట్టు మొదట్లోకి వచ్చింది, నేను మోకాలి లోతు నీళ్లలో నిలబడి పడవ కట్టేశాను ఆడ, అని చేయి చూపించాడు. పిల్లలు నా వంక చూశారు. కర్రలన్నీ పీకి, ఆయన నడిచిన చోటల్లా మళ్లీ పాతాం.